చెవిలో చెప్పిన మనిషి

ఆ ఆటలో ముందు ఒక మనిషిని ఎంచుకోవాలి. టీవీ మీద ముప్ఫై పైచిలుకు బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకడి చేతిలో కత్తి, ఒకత్తె చేతిలో గొడుగు, ఇంకొకడికి ఉత్త పిడికిళ్ళు. వాళ్ళలో ఒకరిని తీసుకుని, ఎదుటివాడు తీసుకున్న బొమ్మతో కొట్లాడించాలి. లోకమంతా వాటిని క్యారెక్టర్లంటుంది. వైజాగ్ సీతమ్మధారలో ఒక మందుల షాపు పైన మేడమీద ఉన్న మా గేమింగ్ పార్లర్లో మాత్రం మనుషులనేవాళ్ళం. కొత్తవాడు మెట్లెక్కి వస్తే పేరు అడిగేవాళ్ళం కాదు, ఇల్లెక్కడని అడిగేవాళ్ళం కాదు. "నీ మనిషెవరు?" అని అడిగేవాళ్ళం.

ఆ ప్రశ్నకి నేను ఏ రోజూ తడుముకోకుండా జవాబు చెప్పలేదు. ఆటని తయారుచేసేవాళ్ళు రెండు మూడు నెలలకోసారి ఒకరి బలం పెంచి, ఒకరి బలం తగ్గిస్తూ ఉంటారు. గొడుగు పిల్లకి బలం పెరిగిందని తెలిస్తే ఆ రాత్రికే నేను గొడుగు పిల్ల మనిషినైపోయేవాణ్ణి. తర్వాత కత్తివాడికి పెరిగితే గొడుగు పిల్ల ఎవరో నాకు తెలియదు. పార్లర్లో అందరూ నన్ను "జంపింగ్ బావ" అని ఏడిపించేవారు. గెలవడానికే కదా ఆడేది అని నేనూ వాదించేవాణ్ణి. ఆ వాదన నాకు బాగానే నప్పింది. నా బుద్ధి అంతే మరి.

ఈ సంగతంతా నేను ఒక స్నేహితుడి గురించి చెప్పడానికి మొదలుపెట్టాను. అతన్ని నేను బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. మా మధ్య బంధుత్వమేమీ లేదు, మా ఊళ్ళో మగవాళ్ళం అలాగే పిలుచుకుంటాం. వాళ్ళది బీచ్ రోడ్డు దగ్గర పేటలో చేపల వేటకెళ్ళే కుటుంబం. సొంత బోటుంది. తండ్రి, అన్న సముద్రం మీదకి వెళ్తారు, ఇతను వారంలో సగం రోజులు వాళ్ళతో వెళ్ళేవాడు, మిగతా సగం మా పార్లర్లో ఉండేవాడు. అతని మనిషి ఎప్పుడూ ఒక్కడే. నోట్లో చుట్ట పెట్టుకుని, వీపు కొంచెం వంగి ఉండే ఒక ముసలాయన. ఆ ముసలాయనకి పరుగు రాదు, ఎగరడం రాదు. ఎదుటివాడు మీదకొచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, వచ్చాక ఒక్కటిచ్చుకుంటాడు. ఏ మార్పులోనూ ఆయన బలం పెరగలేదు, రెండుసార్లు తగ్గింది కూడా. ఎందుకు బావా ఈ ముసలాణ్ణి పట్టుకుని వేలాడతావు అని అడిగితే, "మా తాత లాగుంటాడు బావా. ఇడిసీలేను" అనేవాడు.

ఆ ముసలాయన్ని పట్టుకునే నన్ను మూడేళ్ళపాటు ఓడించాడు. నేను ఎవరిని తెచ్చినా ఓడించాడు. ఓడించి, కిందకి తీసుకెళ్ళి టీ ఇప్పించేవాడు. ఆ టీ ఎంత చేదుగా ఉండేదో ఇప్పుడు చెప్తే నాకే సిగ్గుగా ఉంది. పైకి నవ్వేవాణ్ణి, లోపల మాత్రం కుళ్ళుకుని చచ్చేవాణ్ణి.

ఇక్కడ మా మాట గురించి కొంచెం చెప్పాలి. మా వైపు చ అనే అక్షరం నోట్లోంచి బయటికొచ్చేసరికి స అయిపోతుంది. చేపలు సేపలు, చెయ్యి సెయ్యి, చాలు సాలు. నేను పుట్టిందీ పెరిగిందీ కంచరపాలెం. మా అమ్మ ఈనాటికీ "సేపలు తెచ్చేవా?" అనే అడుగుతుంది. నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. మధురవాడలో ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మీటింగులో ఒక పని ఎవరు చేస్తారని అడిగితే, ఉత్సాహం కొద్దీ "నాను సేత్తానండి" అన్నాను. గదంతా నవ్వింది. నెల రోజులపాటు కాఫీ మెషీన్ దగ్గర కూడా "ఏం సేత్తన్నావ్?" అని పలకరించారు. వాళ్ళకది సరదా. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఆ నెలలోనే రెండో నాలుక పెంచుకున్నాను. పొద్దున్న బైకు మీద హనుమంతవాక దాటగానే నాను నేనైపోయేది, సాయంత్రం దాటి వచ్చాక నేను నానైపోయేది. ఇందులో నాకు గొప్ప తెలివితేటలు కనపడ్డాయి.

ఒక వేసవిలో మధురవాడలోనే ఒక కాలేజీ ఆడిటోరియంలో పెద్ద టోర్నమెంట్ పెట్టారు. గెలిచిన ఒక్కరిని హైదరాబాదులో జరిగే పోటీకి పంపుతారు. ఒక్కరినే. మాకందరికీ అది ఆటే, బావకి మాత్రం కాదు. అది సముద్రంలో వేట నిషేధం ఉన్న కాలం, బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నాయి. వాళ్ళ నాన్న ఒకటే మాట చెప్పాడట. ఆ మాట బావ నాకు పార్లర్ మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"మా అయ్య అన్నాడు బావా. నిషేధం అయ్యేలోగా తేల్సుకో, ఆ హైదరాబాద్ ఆటకెల్లేవంటే నాను అడ్డు సెప్పను, నేదంటే బోటెక్కినాక ఆ బొమ్మలు మరి ముట్టుకోకు అని. మాటిచ్చీసేను."

"మరి ఓడిపోతేనో?" అన్నాను.

"ముట్టుకోను. అయ్యకి మాటిచ్చి తప్పితే ఎలాగ?"

బావకి ఆ ఆట ఎంత ముఖ్యమో ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అందుకే ఈ మాట ముందే చెప్తున్నాను.

టోర్నమెంట్ రోజు పొద్దున్నే వెళ్ళాను. మా ఆఫీసు వాళ్ళు నలుగురు చూడ్డానికి వస్తామన్నారు, అందుకని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. జడ్జిగా వచ్చినాయన విజయవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. మా కుర్రాళ్ళు మనుషుల్ని అసలు పేర్లతో కాకుండా సొంత పేర్లతో పిలవడం విని తికమకపడుతున్నాడు. "ఏవండీ, మీరు కాస్త వివరంగా చెప్పేలా ఉన్నారు, ఈ ముద్దుపేర్లన్నీ ఒక కాగితం మీద రాసిస్తారా?" అని నన్నే అడిగాడు. నాకు భలే సంతోషమేసింది. కూర్చుని నీటుగా రాశాను. గొడుగు పిల్ల, కత్తోడు, పిడికిలోడు అంటూ, ఒక్కోదాని పక్కన అసలు పేరు. ఆ పట్టీలో సుత్తి పట్టుకుని తిరిగే ఒక భారీ మనిషి ఉన్నాడు. వాణ్ణి సుత్తోడు అంటాం. బావ ముసలాయన్ని పార్లర్లో అందరం సుట్టోడు అంటాం. నేను కూడా. అక్కడికొచ్చేసరికి పెన్ను ఆగింది. సుట్టోడు అని రాస్తే పల్లెటూరి వెర్రిమాటలా ఉంటుందనిపించింది. చుట్టోడు అని రాశాను. అక్షరాన్ని బాగుచేశాను. కాగితం ఇస్తే జడ్జి చూసి, "మీ రాత బావుందండీ" అన్నాడు.

సాయంత్రానికి ఫైనల్లో మేమిద్దరమే మిగిలాం. ఆ జడ్జి పొద్దుణ్ణించీ నేనున్న వరసలోనే ఉన్నాడు. బావ ఆడిన వరసని వేరే ఆయన చూశాడు. అందుకని మా జడ్జికి బావ ఆట తెలియదు. ఫైనల్‌కి ఒక ప్రత్యేకమైన నిబంధన పెట్టారు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ మనిషిని జడ్జి చెవిలో చెప్పాలి. ఒకడు తీసుకున్నది చూసి రెండోవాడు దానికి విరుగుడు తీసుకోకుండా అది ఉపాయం. చెప్పాక మార్చడానికి వీల్లేదు, ఆఖరిదాకా ఆ మనిషితోనే ఆడాలి. మార్చాలంటే ఎదుటి ఆటగాడు ఒప్పుకోవాలి. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడు విజేత.

ముందు నేను వెళ్ళి కత్తోడని చెప్పాను. ఆ నెల బలం వాడికే ఎక్కువ. చెప్పి రెండడుగులు పక్కకి జరిగాను. తర్వాత బావ వంగి జడ్జి చెవిలో చెప్పాడు. బోటింజను చప్పుడు మీద అరిచి మాట్లాడుకునే ఇంట్లో పుట్టినవాడికి గుసగుసలాడటం ఎక్కడొస్తుంది? "సుట్టోడండి" అన్నాడు. నాకు స్పష్టంగా వినపడింది. స్పీకర్లు మోగిపోతున్నాయి, అయినా వినపడింది. జడ్జి కాగితం మీద వేలు పెట్టి సు కోసం వెతికాడు. ఆ పట్టీలో సు తో మొదలయ్యేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పక్కన టిక్కు పెట్టాడు. ఆ వేలు ఎక్కడ ఆగిందో కూడా నేను చూశాను.

కుర్చీల్లో కూర్చున్నాం. బావ ముసలాయన బొమ్మ మీద నొక్కగానే జడ్జి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండాగండి. మీరు చెప్పింది ఈయన్ని కాదు. సుత్తోణ్ణి చెప్పారు."

"సుట్టోడే గదండీ సెప్పేను" అన్నాడు బావ, ఏమీ అర్థం కాక.

"అదేనండీ నేనంటున్నదీ. సుత్తోడు. సుత్తి."

"సుత్తి కాదండీ బాబూ, సుట్ట! సుట్ట! నోట్లో ఎట్టుకుంటారు, పొగొత్తాది!"

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. "సుత్తి ఆపండి గురూ, ఆటాడండి" అని ఎవడో అరిచాడు, దాంతో నవ్వు రెట్టింపయింది. మా ఆఫీసు నలుగురూ కూడా నవ్వుతున్నారు. మా పార్లర్ కుర్రాళ్ళు లేచి, అతనెప్పుడూ ముసలాడితోనే ఆడతాడని కేకలేశారు. జడ్జి చిరాకుపడలేదు. "ఎప్పుడూ ఒకరితో ఆడి, ఫైనల్లో ఇంకొకరిని దించి ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడానికే కదండీ చెవిలో చెప్పేది. పైగా మీరంతా ఆయన స్నేహితులు. ఆపొనెంట్ ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు.

బావ ముఖం విప్పారింది. నా వైపు తిరిగి, "అయితే గొడవే నేదు. బావ పక్కనే ఉన్నాడు. బావా, నువ్వు సెప్పు. నానేటన్నాను?" అన్నాడు.

చెప్పాల్సింది ఎంత? మా వైపు చ పలకదండీ, అతనన్నది చుట్ట, కాగితం రాసింది నేనే, నా రాతలోనే తిరకాసు ఉంది అని చెప్పాలి. పది సెకన్ల పని. కానీ మా వైపు అనాలి. ఆ నలుగురి ఎదుట, ఆ నవ్వు మధ్యలో, నేనూ ఆ వైపువాణ్ణే అని నా నోటితో చెప్పాలి. చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. సిగ్గుపడ్డాను, అందుకని నోరు రాలేదు అని. ఇది సగం కూడా నిజం కాదు. అసలు నిజం ఏమిటంటే సుత్తోడితో బావకి ఆడటం రాదని నాకు తెలుసు. మూడేళ్ళలో మొదటిసారి నేను గెలవబోతున్నానని, బావ నా వైపు తిరిగిన ఆ క్షణంలోనే లెక్క తేల్చుకున్నాను.

"నేను వినలేదండి. సౌండ్ ఎక్కువగా ఉంది" అన్నాను.

బావ ఎదుట నాను అనడమే తప్ప "నేను" అని ఎన్నడూ ఎరగను. బావ ఒక్క నిమిషం నన్ను అలాగే చూశాడు. కోపంగా కాదు. జనంలో ఇంకెవరినో నేనే అనుకుని పలకరించినవాడిలా చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి సుత్తోణ్ణి తీసుకున్నాడు.

మొదటి ఆట నిమిషంలోపే అయిపోయింది. సుత్తి ఎత్తడానికే వాడికి బోలెడంత సమయం పడుతుంది, ఈలోగా నా కత్తోడు నాలుగు పోట్లు పొడిచేవాడు. రెండో ఆటలో బావ చేతులు దారి కనిపెట్టడం మొదలుపెట్టాయి. ముసలాయన్ని నిలబెట్టినట్టే సుత్తోణ్ణీ ఓపిగ్గా నిలబెట్టాడు. నేను మీదకెళ్ళిన ప్రతిసారీ సుత్తి దెబ్బ తగిలింది. ఇంకొక్క దెబ్బ తగిలితే ఆట అతనిదే. అప్పుడు నేను ఏం చేశానంటే, పారిపోయాను. ఆటకిచ్చిన సమయం అయిపోయేదాకా తెర ఆ మూల నుంచి ఈ మూలకి గంతులేస్తూ తిరిగాను. బలం నాకు వెంట్రుకవాసి ఎక్కువ మిగిలుంది కాబట్టి గెలుపు నాదన్నారు. మా ఆఫీసు వాళ్ళు ఈలలేశారు.

బావ చెయ్యి కలిపాడు. "నువ్వు బాగా ఆడేవు బావా" అన్నాడు. కింద మెట్ల దగ్గర బైకు తీస్తుంటే మళ్ళీ వచ్చి, "తప్పు నాదే. నా నోరు తిన్నగా తిరగదు. సెవిలో సెప్పడం కూడా రాని మడిసిని నాను" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. అద్దం కూడా దించేశాను.

హైదరాబాదులో మొదటి ఆటలోనే ఓడిపోయాను. నన్ను ఓడించిన అమ్మాయికి ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. అక్కడ ఒకాయన "మీదే ఊరు?" అని అడిగితే వైజాగ్ అన్నాను. "అలా అనిపించదే, మీ తెలుగు నీట్‌గా ఉంది" అన్నాడు. ఇలాంటి మెచ్చుకోలు కోసం ఎన్నేళ్ళు కష్టపడ్డానో! తీరా అది వచ్చాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హోటల్ గదిలో మంచం మీద కూర్చుని, పోటీలో నా కుర్చీలో బావ ఉంటే ఏం జరిగేదో ఊహించుకోకుండా ఉండటానికి టీవీలో ఏదో వంటల కార్యక్రమం చూశాను.

తిరిగొచ్చాక పార్లర్‌కి వెళ్ళడం మానేశాను. బావ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. నిషేధం అయిపోయింది, బోట్లు వెళ్ళాయి. బావ ఆట మానేశాడని ఎవరో చెప్పారు. తన కంట్రోలర్‌ని పార్లర్లోనే ఎవరికో ఊరికే ఇచ్చేశాడట. నేను మాత్రం ఇంట్లో ఆడుతూనే ఉన్నాను. ఇదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఒకరోజు, ఎవరూ చూడని చోట, ఆ చుట్ట ముసలాయన్ని తీసుకుని ఆడి చూశాను. పది ఆటలు ఆడితే పదీ ఓడాను. ఓపిక పట్టడం నా వల్ల కాలేదు.

ఎనిమిది నెలలకి ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పేటకి వెళ్ళాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. బావ ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఎండకి బాగా నల్లబడ్డాడు. నన్ను చూడగానే చేతిలో పని వదిలేసి లేచాడు, ఏదో నిన్న విడిపోయినట్టు భుజం మీద చెయ్యి వేశాడు. ఇంట్లోకి కేకేసి టీ పెట్టమన్నాడు. టీ తాగితే చెప్పేస్తానన్న ధైర్యం పోతుందేమోనని నేను వెంటనే మొదలుపెట్టాను. ఎదుట నిలబడి, మా మాటలోనే చెప్పాను.

"బావా, ఆ రోజు నాకు ఇనపడింది. నువ్వు సుట్టోడనే అన్నావు. ఆ జడ్జికి కాగితం రాసిచ్చింది కూడా నానే. సుట్టోణ్ణి చుట్టోడని రాసేను. ఆడు తప్పుగా టిక్కు ఎట్టడం కళ్ళారా సూసేను. గెలవాలని నోరు మూసుకున్నాను."

చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని ఆశపడ్డాను. బావ నన్ను చూసి నవ్వాడు. తప్పు చెయ్యని చిన్నపిల్లాడు తప్పు మీదేసుకుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"చాల్లే బావా" అన్నాడు. "నా మనసు కట్టపెట్టడం ఇట్టం నేక అబద్దం ఆడతన్నావ్. నువ్వలాటోడివి కావని నాకు తెల్దా? నీకు ఇనపడుంటే సెప్పకుండా ఊరుకుంటావా?"

"ఒట్టు బావా. నిజం సెప్తన్నాను."

"ఒట్లెందుకు? తప్పు నాదేనని ఆ రోజే అన్నాను గదా."

అతను అన్న మొదటి మాట అప్పుడు నా బుర్రకెక్కింది. చాల్లే అన్నాడు. ఆ ఇంట్లో, ఆ పేటలో, పుట్టాక ఎవరూ సాల్లే తప్ప చాల్లే అని ఉండరు. నేను అతని నోటి వైపే చూస్తున్నానని బావ కనిపెట్టాడు. కొంచెం సిగ్గుపడ్డాడు.

"నేర్సుకుంటన్నాను" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, పెదాలు దగ్గరకి తెచ్చి, పై పళ్ళ వెనక నాలుక ఎక్కడ ఆనించాలో వెతుక్కుని మళ్ళీ అన్నాడు. "నేర్చుకుంటన్నాను. బోటు మీద ఊరికే కూకున్నప్పుడు అంటుంటాను. చేప, చెయ్యి, చుట్ట. మరెప్పుడైనా ఎవుడి చెవిలోనైనా సెప్పవలిసొత్తే నా వల్ల పొరపాటు జరక్కూడదు గదా."

టీ గ్లాసులు వచ్చాయి. ఒకటి నా చేతికిచ్చి, నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.

"నీకు బాగా తెలుసు గదా బావా ఇవన్నీ. సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది బావా" అన్నాను.